పల్లవి కుదిరింది, చరణం కదలట్లేదు: సమాధానం

మోహన రాగంలో పాట కడుతున్నానని, పల్లవి కుదిరినా చరణం కదలట్లేదని, రీల్స్‌కి సరిపోతుందో లేదోనని అడిగారు. లోపం ట్యూన్‌లో లేదు, లూప్‌లో ఉంది. పల్లవికి పెట్టిన నాలుగు కార్డుల (chords, కలిపి మోగించే స్వరాల గుంపులు) లూప్ మళ్ళీ మళ్ళీ మోగుతుండగానే చరణం వెతుకుతున్నారు. గొంతు మళ్ళీ పల్లవిలోకే జారుతుంది.

1. లూప్ ఆపండి. శ్రుతి, తాళం చాలు.

2. మోహనం అన్నారు. పల్లవి స, ప మధ్యే తిరుగుతోందంటే చరణాన్ని పంచమం (ప) దగ్గర ఎత్తుకుని పై షడ్జం (పై స) దాకా తీసుకెళ్ళండి.

3. చాలామంది వదిలేసేది ఎత్తుగడ, అంటే తాళంలో పాట అందుకునే చోటు. పల్లవి సమంలో (తాళం మొదటి దెబ్బ మీదే) మొదలైతే, చరణానికి అర అక్షరకాలం (సగం దెబ్బ సేపు) ఆగి అందుకోండి. అవే స్వరాలైనా నడక మారిపోతుంది. ఇది చేత్తో తాళం వేస్తూ పాడితేనే పట్టుబడుతుంది. స్క్రీన్ మీద తాళం గీతల గ్రిడ్ చూస్తూ కూర్చుంటే (నాకైతే) ఎప్పుడూ దొరకలేదు.

4. ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాకే కార్డులు వెతకండి.

రీల్స్‌కి సరిపోతుందా అన్న బెంగ ఇప్పుడొద్దు, ముందు చరణం పూర్తి చేయండి.