రంగు అక్కడికే ఎందుకు వెళ్లింది?

చిరంజీవికి ఆశీస్సులు.

బతికున్న కణాలను ప్రతిదీప్తి రంగులతో, అంటే కాంతి పడితే మరో రంగులో వెలిగే పదార్థాలతో, చూడటం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలో ‘అద్భుతం’, ‘మాయాజాలం’ అన్న మాటలు కొట్టేయి. ఆ చోటులో ఒక్క ప్రశ్నకు జవాబు రాయి: ఫలానా రంగు కణంలో ఫలానా చోటికే ఎందుకు వెళ్లింది?

రోడమిన్ 123 అనే రంగునే తీసుకో. బతికున్న కణాల్లో మైటోకాండ్రియాను (కణానికి శక్తి తయారుచేసే భాగాలను) దీనితో చూడవచ్చని 1980లో తేల్చారు. ఈ అణువుకు ధనావేశం ఉంటుంది. పనిచేస్తున్న మైటోకాండ్రియా లోపలివైపు రుణావేశం. లోపలి పొరకు అటూ ఇటూ విద్యుత్ తేడా సుమారు 150 మిల్లీవోల్టులు. రంగును లాగేది అదే. ఆ తేడా పడిపోతే రంగు మెల్లగా బయటికి జారిపోతుంది. కాబట్టి ఆ వెలుగులో మైటోకాండ్రియా ఆకారంతో పాటు దాని ఆరోగ్యమూ తెలుస్తుంది. అసలు కథ ఇది. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు!

కాల్సీన్-ఏఎం అనే రంగు ఇంకా గడుసుది. కణంలోకి వెళ్లేటప్పుడు వెలగదు. లోపలి ఎస్టరేజ్ ఎంజైములు దానికి తగిలించిన ఎస్టర్ ముక్కలను కోసేశాక ఆకుపచ్చగా వెలుగుతుంది, ఇక పొర దాటి సులువుగా బయటికి రాలేదు. ప్రొపీడియం అయొడైడ్ అనే రంగుది ఎదురు స్వభావం. పొర చెక్కుచెదరని కణంలోకి అడుగుపెట్టదు. చచ్చిన కణంలో డీఎన్ఏను పట్టుకుని ఎర్రగా వెలుగుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కనే రాయి, పాఠకుడికి వేరే వివరణ అక్కర్లేదు.

‘కణానికి ఏ హానీ లేకుండా’ అన్న వాక్యం మాత్రం ఉంచకు. హోక్స్ట్ 33342 అనే రంగు డీఎన్ఏకు అతుక్కుంటుంది, దాన్ని వెలిగించడానికి తరచూ అతినీలలోహిత కాంతి వాడతారు. ఆ కాంతి డీఎన్ఏకు మంచిది కాదు. చాలా రంగులు వెలుగుతూనే చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టించి కణాన్ని గాయపరుస్తాయి, తామూ వెలిసిపోతాయి. అందుకే పరిశోధకులు కాంతిని పొదుపుగా వాడతారు. ఎంత రంగు వేశారు, ఎంతసేపు కాంతి పడింది అని నువ్వు ఫోన్ చేసి అడగాల్సింది.

బొమ్మల సంగతి. సంపాదకులు అన్నిటికంటే రంగురంగుల బొమ్మనే ఎంచుకుంటారు, అది వాళ్ల బలహీనత. చాలా సూక్ష్మదర్శినుల కెమెరాలు తీసేది నలుపు తెలుపు బొమ్మ; రంగులు తర్వాత కంప్యూటర్‌లో అద్దినవి. బొమ్మ కింద ఆ ముక్క రాయి.

2008 నోబెల్ తెచ్చిన ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌ను ఇందులో కలపకు. అది బయటినుంచి పోసే రంగు కాదు, జన్యువును చేరిస్తే కణమే తయారుచేసుకునేది. దానికి వేరే వ్యాసం కావాలి. ముందు ఇది సవరించి, బొమ్మల వ్యాఖ్యలతో సహా పంపు.