జైరోకాప్టర్ నేర్చుకోబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు జైరోకాప్టర్ నేర్చుకోబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పింది అనడం కన్నా నా మీద కేకలేసింది అనాలి. "అన్నీ నీ పోలికలే వచ్చాయి దానికి, నువ్వే మాన్పించు" అంది. మాన్పించను. ఇన్నేళ్లు హెలికాప్టర్లు నడిపి, రిటైరయ్యాక కాళ్లూ చేతులూ ఊరుకోక జైరో ఎక్కినదాన్ని, నిన్ను వద్దనే మొహం నాకెక్కడిది? లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఆ సంగతి మీ అమ్మ దగ్గర అనకు.

కానీ ఆవిడ చెప్పిన ఇంకో మాటతో రాత్రి నిద్ర పట్టలేదు. "ఇంజన్ ఆగినా పడదట అక్కా, హెలికాప్టర్ కన్నా సేఫ్ అంటోంది" అంది. నీకెవరు చెప్పారో గానీ సగమే చెప్పారు. మిగతా సగం చెప్పడానికే ఈ ఉత్తరం.

నిజమైన సగం ముందు. హెలికాప్టర్‌లో రోటర్‌ని, అంటే నెత్తిన తిరిగే రెక్కల్ని, ఇంజన్ తిప్పుతుంది. జైరోలో ఒకసారి గాల్లోకి లేచాక ఇంజన్‌కీ రోటర్‌కీ సంబంధమే ఉండదు. ఇంజన్ పని ప్రొపెల్లర్‌ని తిప్పి బండిని ముందుకు తోయడం వరకే. కాస్త వెనక్కి వాలి ఉన్న రోటర్‌లోంచి గాలి కిందనుంచి పైకి పోతూ దాన్ని తిప్పుతుంది, పిల్లలు కాగితపు గాలిపంకా పట్టుకుని పరిగెత్తితే తిరిగినట్టు. ఆటోరొటేషన్ అంటే ఇదే. హెలికాప్టర్ వాళ్లకు ఇది ఆపదలో వాడే విద్య. ఇంజన్ ఆగిన క్షణంలో కలెక్టివ్, అంటే రెక్కల వాలు మార్చే ఎడమచేతి లివర్, దించాలి, లేకపోతే రోటర్ వేగం పడిపోతుంది. ఆర్22 లాంటి చిన్న హెలికాప్టర్‌లో రోటర్ తేలిక కాబట్టి అందుకు ఒకటి రెండు సెకన్లకు మించి వ్యవధి ఉండదు. ఆ రోజుల్లో నా చెవి ఎప్పుడూ ఇంజన్ చప్పుడు మీదే ఉండేది, ఎడమ చెయ్యి కలెక్టివ్ మీంచి కదిలేది కాదు. జైరో మాత్రం టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఆటోరొటేషన్‌లోనే ఉంటుంది. ఇంజన్ ఆగితే ముక్కు కొంచెం దించి, వేగం నిలుపుకుని, చదునైన చోటు చూసి దిగడమే. తోక రోటర్ లేదు కాబట్టి అది చెడుతుందన్న బెంగ లేదు. విమానంలా స్టాల్ కూడా అవదు, అంటే వేగం తగ్గితే రెక్కలు మోయడం మానేసి ఉన్నట్టుండి పడిపోదు.

అసలు ఇది పుట్టిందే స్టాల్ భయంలోంచి. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా కట్టిన మూడింజన్ల విమానం ఒకటి 1919లో తక్కువ ఎత్తులో స్టాల్ అయి కూలింది. వేగం తగ్గినా పడని యంత్రం కావాలని ఆయన రోటర్ దారి పట్టాడు. మొదట కట్టినవన్నీ పక్కకు తిరగబడ్డాయి. ముందుకు కదిలే రెక్కకు ఎదురుగాలి ఎక్కువ, వెనక్కి వచ్చే రెక్కకు తక్కువ, అందుకని ఒక వైపే పైకి లేచేది. రెక్కల మొదట్లో కీళ్లు పెట్టి, అవి తమంతట తాము పైకీ కిందికీ ఆడేలా చేశాకే, 1923 జనవరిలో ఆయన కట్టిన సి.4 అనే జైరో సరిగ్గా ఎగిరింది. తర్వాత కొద్ది రోజులకే టేకాఫ్ కాగానే దాని ఇంజన్ ఆగిపోయింది. మెల్లగా, దాదాపు నిట్టనిలువుగా కిందికి వచ్చి క్షేమంగా దిగింది. అంతటి మనిషి 1936లో లండన్ దగ్గర క్రాయ్‌డన్‌లో పోయాడు. తన యంత్రంలో కాదు. మామూలు ప్రయాణికుల విమానంలో ప్రయాణికుడిగా కూర్చుని. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది. సరే, దారి తప్పాను.

ఇప్పుడు చెప్పని సగం. జైరో రోటర్ తిరగాలంటే బండి బరువు దాని మీద వేలాడుతూ ఉండాలి. స్టిక్‌ని, అంటే రోటర్‌ని వాల్చే కర్రని, గట్టిగా ముందుకు తోశావనుకో. సీట్లోంచి ఒళ్లు తేలినట్టు అనిపిస్తుంది, జెయింట్ వీల్ పైనుంచి దిగేటప్పుడు అనిపిస్తుందే, అదే. ఆ క్షణంలో రోటర్ మీద బరువు లేదు. గాలి కిందనుంచి రావడం మానేసింది. రోటర్ వేగం పడిపోతుంది, స్టిక్ మాట వినదు. దాన్ని మళ్లీ తిప్పడానికి గాల్లో నీ దగ్గర ఏ ఇంజనూ లేదు. పైగా ప్రొపెల్లర్ తోసే రేఖ బండి గురుత్వ కేంద్రం కన్నా పైన ఉంటే, అన్నాళ్లూ రోటర్ లాగుడే ముక్కుని ఆపుతూ వచ్చింది. అది కాస్తా పోయాక ప్రొపెల్లర్ బండిని ముందుకు పల్టీ కొట్టిస్తుంది. దీన్నే పవర్ పుష్ ఓవర్ అంటారు. ఒకసారి మొదలైతే తేరుకునే వ్యవధి ఉండదు. ఇంజన్ ఆగడం గురించి అందరూ అడుగుతారు. దీని గురించి ఎవరూ అడగరు.

మా క్లబ్బులో ఒకాయన ఉండేవాడు. పేరు వద్దులే. విమానాలు నడపడంలో చెయ్యి తిరిగినవాడు. గట్టి పక్కగాలిలో కూడా ఆయన ల్యాండింగ్ చూడ్డానికి మేమంతా బయటికొచ్చి నిలబడేవాళ్లం. ఆయన ఎవరో ఇంట్లో కట్టుకున్న పాత సింగిల్ సీటర్ జైరో ఒకటి కొన్నాడు. వెనక నిలువు రడ్డర్ ఉంది గానీ అడ్డంగా స్టెబిలైజర్, అంటే ముక్కు ఊగకుండా ఆపే తోక రెక్క, లేదు. పెద్ద ప్రొపెల్లర్ నేలకు తగలకుండా ఇంజన్‌ని పైకి బిగించారు. "టూ సీటర్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో తిరగండి ముందు" అని నేనన్నాను. నవ్వాడు. "దీనికి ఉన్నవి మూడే కదమ్మా: స్టిక్, థ్రాటిల్, పెడల్స్. నేను పుట్టిందే వాటితో" అన్నాడు.

నేల మీద ఇటూ అటూ తిప్పాడు, చిన్న చిన్న గంతులు వేశాడు, ధైర్యం వచ్చింది. ఒక మధ్యాహ్నం బాగా ఎండ కాసి నేల వేడెక్కి గాలి కుదుపుగా ఉన్నప్పుడు పైకెళ్లాడు. రన్‌వే మీదుగా వస్తుండగా ఒక కుదుపు బండిని పైకి ఎత్తింది. విమానంలో ఆయన చెయ్యి ఏం చేస్తుందో అదే చేసింది. స్టిక్ ముందుకు తోశాడు. ముక్కు పడింది. ఎక్కువ పడిందని లాగాడు. ఎక్కువ లేచింది. మళ్లీ తోశాడు. జైరోలో స్టిక్ కదిపాక బండి కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. ఆయన దిద్దుబాటు అందేసరికి బండి ఇంకో వైపు వెళ్తోంది. ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దది. మేము కింద నిలబడి చూస్తున్నాం. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు, నా చేతిలో రేడియో లేదు. ఉన్నా ఏం లాభం, మాట నోట్లోంచి వచ్చేలోపు ఇంకో ఊపు అయిపోతుంది.

ఉన్నట్టుండి ఇంజన్ చప్పుడు తగ్గింది. థ్రాటిల్ తీసేశాడు. ఇంకో రెండు ఊపులు చిన్నవై, బండి కుదురుకుని దిగింది. ఆయన హెల్మెట్ తీయడానికి బకిల్ వెతుక్కుంటుంటే వేళ్లు కుదరడం లేదు. థ్రాటిల్ ఎందుకు తీశారని అడిగాను. తెలీదన్నాడు. కాసేపాగి, "గాలి కుదుపు, అంతే" అన్నాడు. మర్నాడు మళ్లీ ఎగరబోతే బండి తాళం లాక్కున్నాను. చాలా కాలం నాతో మాట్లాడలేదు. ఆయన చివరికి ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లాడని, మొదటి పాఠమే "కుదుపు వస్తే ఏమీ చెయ్యకండి" అని వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నీకూ విమానం లైసెన్స్ ఉంది. ఏమీ తెలియని పిల్లకు నేర్పడం సులువు. నీ చేతికి ఇప్పటికే ఒక అలవాటు ఉంది, నువ్వు ఆలోచించే లోపు అది పని చేసేస్తుంది. ఊగుడు మొదలైతే థ్రాటిల్ తగ్గించు, స్టిక్ కదపకుండా పట్టుకో. ఆ క్రమం కలలో కూడా రావాలి.

హెలికాప్టర్ దీనికి అతీతం అనుకోకు. రెండు రెక్కలు ఊయలలా ఆడే రోటర్ ఉన్న హెలికాప్టర్లకూ ఇదే శాపం. స్టిక్ ముందుకు తోసి బరువు పోగొట్టుకుంటే రోటర్ హబ్, అంటే రెక్కలు కలిసే మధ్య భాగం, రోటర్‌ని మోసే నిలువు ఇరుసుని, అంటే మాస్ట్‌ని, కొట్టి విరిచేయగలదు. అందుకే అమెరికాలో 1995 నుంచి ఆర్22, ఆర్44 నడిపేవాళ్లకు ఈ విషయం మీద ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేశారు. తేడా ఏమిటంటే, హెలికాప్టర్ పైలట్‌కి మొదటి రోజు నుంచే భయం నూరిపోస్తారు. జైరో కొనేవాడికి "ఇది చాలా సేఫ్" అని చెప్తారు. నా టెన్షన్ అంతా అక్కడే.

బ్రిటన్‌లో ఒక దశలో వరసగా మరణాలు జరిగితే, అక్కడి పౌర విమానయాన అధికారులు గ్లాస్గో విశ్వవిద్యాలయం చేత పరిశోధన చేయించారు. ప్రొపెల్లర్ తోపుడు రేఖకూ గురుత్వ కేంద్రానికీ మధ్య ఎత్తు తేడాయే అన్నిటికన్నా ముఖ్యమని తేలింది. ఆ తేడా రెండు అంగుళాలు దాటకూడదన్నారు. కాబట్టి బండి కొనేముందు రంగు కాదు, ఆ లెక్క అడుగు. వెనక పెద్ద స్టెబిలైజర్ ఉందో లేదో చూడు. చౌకగా వస్తోందని పాత సింగిల్ సీటర్ మీద కన్ను వేశావని విన్నాను. ముట్టుకోకు. ఇది సలహా కాదు, ఆజ్ఞ. 2019లో బ్రిటిష్ పైలట్ జేమ్స్ కెచెల్ జైరోలో భూగోళం చుట్టి వచ్చాడని మీ అమ్మకు చెప్పావట. నిజమే. ఆయన నడిపింది ఇప్పటి ఫ్యాక్టరీలో కట్టిన బండి.

టేకాఫ్ గురించి ఒక్కటే. ప్రీరొటేటర్‌తో, అంటే నేల మీద ఉండగానే రోటర్‌ని ముందుగా తిప్పే ఏర్పాటుతో, రోటర్ తిప్పాక స్టిక్ పూర్తిగా వెనక్కి, అప్పుడు బ్రేకు వదిలి థ్రాటిల్ మెల్లగా. స్టిక్ వెనక్కి లాగడం మర్చిపోయి పరిగెత్తిస్తే బండికి వేగం వస్తుంది, రోటర్‌కి రాదు. ఆ తర్వాత గుర్తొచ్చి లాగితే రెక్కలు పైకీ కిందికీ కొట్టుకుని తోకని నరికేస్తాయి. స్టిక్ చేతిలో వణికితే వెంటనే ముందుకు వాల్చి, థ్రాటిల్ మూసి, మళ్లీ మొదటికి రా. సిగ్గుపడకు. మిగతావి ఇన్‌స్ట్రక్టర్ చెప్తాడు.

ఇంత భయపెట్టాను కదా, సరదా గురించి కూడా చెప్పకపోతే పాపం. హెలికాప్టర్‌లో నేను ఎప్పుడూ పని చేశాను. రెండు చేతులకూ రెండు కాళ్లకూ వేర్వేరు పనులు, ఒకటి కదిపితే మిగతా మూడూ దిద్దాలి. హోవర్ చేస్తూ గాల్లో ఒక్కచోటే నిలిచి ఉన్నప్పుడు కింద పూలు పూశాయో లేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. జైరోలో మొదటిసారి తల పక్కకు తిప్పి తీరిగ్గా చూశాను. ఎదురుగాలి బాగా ఉన్న రోజు వేగం తగ్గిస్తే నేల మీద నీ నీడ దాదాపు కదలదు. రోటర్ రెక్కలు సన్నం, వేగం ఎక్కువ కాబట్టి, చిన్న విమానాన్ని చెదరగొట్టే గాలిని ఇది చిన్న అదురుతో దాటేస్తుంది. ఎత్తులో ఉండి వేగం సున్నాకి తెచ్చావంటే నిలువుగా కిందికి దిగుతుంది, లిఫ్టులో దిగినట్టే. నేలకు చాలా పైనే ముక్కు దించి మళ్లీ వేగం తెచ్చుకోవాలి, అది మరిచిపోకు. దిగాక కొన్ని మీటర్లలో ఆగిపోతుంది. నిలువుగా లేవదు, హోవర్ చేయదు. ఆ రెండూ కావాలంటే హెలికాప్టరే.

ఆ సరదా నిన్ను కిందికి లాగుతుంది, నా భయం అది. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో, చెట్ల వరస వెంట, కాలవ వెంట పోవాలనిపిస్తుంది. అక్కడే కరెంటు తీగలుంటాయి. తీగ కంటికి కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. స్తంభాలు వెతుకు. దాటాల్సి వస్తే స్తంభం మీదుగానే దాటు. తక్కువ ఎత్తులో వేగం కూడా తక్కువైతే ఇంకో చిక్కు: ఎగరడానికి ఎక్కువ పవర్ కావాలి, స్టిక్ లాగితే ఇంకా దిగిపోతావు, ముక్కు దించి వేగం తెచ్చుకునే ఎత్తు ఉండదు. అందరూ జైరోలో తక్కువ ఎత్తులో తిరగడమే సరదా అంటారు. నేను ఒప్పుకోను. వెయ్యి అడుగుల నుంచి కూడా పూలు కనిపిస్తాయి.

ప్రొపెల్లర్ నీ వెనకే ఉంటుంది. ఓపెన్ కాక్‌పిట్‌లో జేబులోంచి ఎగిరిన ఏ వస్తువైనా అందులోకే పోతుంది. ఫోను, గ్లవ్, కండువా ఏదీ వదులుగా ఉండకూడదు. జడ హెల్మెట్‌లోకి మడిచి పెట్టు. చిన్నప్పుడు నా హెల్మెట్ పెట్టుకుని, కళ్ల దాకా జారిపోతే తల వెనక్కి వాల్చి ఇల్లంతా తిరిగేదానివి. ఇప్పుడు నీ తలకు సరిపోయేది కొనిస్తాను, సైజు రాసి పంపు.

మీ ఇన్‌స్ట్రక్టర్ నంబరు కూడా పంపు. ఆయన జైరో మీద ఎంతకాలంగా నేర్పుతున్నాడో, హెలికాప్టర్ మీద కాదు, జైరో మీద, నేనే అడుగుతాను. పెద్దమ్మ ఫోన్ చేస్తుందని ముందే చెప్పి ఉంచు, లేకపోతే నాలుగో ప్రశ్నకు పెట్టేస్తాడు. మీ అమ్మను నేను చూసుకుంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ