గ్రీసులో కాపురం పెట్టాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గ్రీసుకు వెళ్లి స్థిరపడే ఆలోచనలో ఉన్న పాఠకులు ఈ నెల పంపిన ఉత్తరాలలో అయిదింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాను. ఏథెన్స్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఆరేళ్లపాటు కాపురమున్న అనుభవంతో రాస్తున్న మాటలివి. సముద్రం, ఎండ, ప్రాచీన శిథిలాలు చూసి వచ్చినవారికి ఆ దేశం నచ్చడం సహజమే. అయితే నచ్చడం వేరు, అక్కడ రోజులు గడపడం వేరు కనుక ఈ రెండోదాని గురించే చెప్పదలిచాను.

ప్రశ్న: నేను ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. భార్య, ఆరేళ్ల బాబుతో గ్రీసులో ఉంటూ ఇదే ఉద్యోగం కొనసాగించవచ్చునా? కొన్నాళ్ల తరువాత అక్కడే ఉద్యోగం చూసుకోవచ్చునా? (ఒక పాఠకుడు, గుంటూరు)

మీ వంటివారి కోసమే గ్రీసు ప్రభుత్వం 2021లో డిజిటల్ నోమాడ్ వీసా ప్రవేశపెట్టింది. వేరే దేశంలోని సంస్థకు పనిచేస్తూ, పన్ను పోగా నెలకు కనీసం 3,500 యూరోలు చేతికి వస్తున్నట్టు మీరు చూపాలి. జీవిత భాగస్వామి ఉంటే ఆ మొత్తానికి 20 శాతం, ఒక్కొక్క బిడ్డకు 15 శాతం చొప్పున కలుస్తుంది కాబట్టి, మీ ముగ్గురికీ కలిపి 4,725 యూరోలు అవసరమవుతాయి. ఈ వీసా మీద గ్రీసులోని యజమాని దగ్గర పనిచేయడానికి వీలులేదు. ఏడాదిలో 183 రోజులకు మించి అక్కడ ఉన్నవారు సాధారణంగా ఆ దేశపు పన్ను పరిధిలోకి వస్తారు కనుక, బయలుదేరకముందే అక్కడి పన్నులు తెలిసిన అకౌంటెంటుతో మాట్లాడండి. గ్రీకు కుటుంబాలలో చాలామందికి ‘లోయిస్తీస్’ అని పిలిచే సొంత అకౌంటెంటు ఉంటాడు. అది ఆడంబరం కాదు, అవసరం.

మీ రెండో ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెబుతాను. స్థానిక ఉద్యోగాన్ని నమ్ముకుని వెళ్లవద్దు. 2025 ఏప్రిల్‌లో అక్కడి కనీస వేతనాన్ని నెలకు 880 యూరోలుగా నిర్ణయించారు. క్రిస్మస్‌కు ఒక నెల జీతం, ఈస్టర్‌కు సగం, వేసవి సెలవులకు సగం అదనంగా ఇస్తారు కనుక ఏడాదికి 14 జీతాలు వస్తాయనుకున్నా, ఏథెన్స్‌లో పెరిగిన అద్దెల ముందు అది చాలదు. పర్యాటకులకు రోజువారీగా ఇళ్లు అద్దెకివ్వడం పెరిగిన తరువాత నగరం నడిబొడ్డున స్థానికులకే ఇల్లు దొరకడం కష్టమైపోయింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటినప్పుడు లక్షల మంది చదువుకున్న యువతీ యువకులు జర్మనీకో, బ్రిటన్‌కో వెళ్లిపోయారు. వారిలో చాలామంది తల్లిదండ్రులు నేటికీ ఫోనులోనే పిల్లలను చూసుకుంటున్నారు. ‘మా పిల్లలు వెళ్లిపోయిన చోటికి మీరెందుకు వచ్చారు?’ అని మా కింది అంతస్తు పెద్దాయన నన్ను అడిగినప్పుడు అందులో ఈసడింపు లేదు, దిగులే ఉంది. ఆ ప్రశ్న మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.

ప్రశ్న: ప్రస్తుతం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాం. మావారికి సంస్థ ఏథెన్స్‌కు బదిలీ ఇస్తానంటున్నది. ఇల్లు తీసుకోవడం, కార్యాలయాల పనులు జర్మనీలో లాగే ఉంటాయా? (ఒక పాఠకురాలు)

ఉండవు. జర్మనీలో ఉత్తరం రాస్తే జరిగే పని గ్రీసులో మనిషి ఎదురుగా నిలబడితే జరుగుతుంది. ఇటీవల ఇందులో మంచి మార్పు వచ్చింది. 2020లో ప్రభుత్వ సేవలన్నిటినీ ఒకచోట చేర్చిన వెబ్‌సైటు మొదలైనప్పటి నుంచి ఎన్నో పత్రాలు ఇంటి నుంచే తీసుకోగలుగుతున్నారు. అయినా మొదటి ఏడాది మీరు గుమ్మాలు ఎక్కక తప్పదు. మన మీసేవ కేంద్రాల వంటి ‘కెప్’ కార్యాలయాలు ప్రతి ప్రాంతంలోనూ ఉంటాయి. ఉదయం పూట, అవసరమనుకున్న దానికన్నా ఒక జిరాక్సు ఎక్కువే పట్టుకుని వెళ్లండి.

అన్నిటికంటే ముందు సంపాదించవలసినది ‘ఆఫిమి’ అని పలికే తొమ్మిది అంకెల పన్ను సంఖ్య. ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, కరెంటు కనెక్షను మీ పేరిట మార్చుకోవాలన్నా అదే ఆధారం. ఉద్యోగానికి, వైద్యానికి పదకొండు అంకెల ‘ఆమ్కా’ కావాలి. ఏ దరఖాస్తులోనైనా తండ్రి పేరు, తల్లి పేరు అడుగుతారు. మన పాస్‌పోర్టులలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకొకచోట వెనుక పడడం మామూలే గనుక, మొదటి కాగితం మీద ఏ వరుసలో, ఏ అక్షరక్రమంలో రాశారో చివరి కాగితం దాకా అదే ఉండేటట్టు చూసుకోండి. నా పత్రాలలో తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా రావడం వల్ల ఒక కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగాను.

ఇంటి విషయానికి వస్తే, నివాసం కోసం రాసుకునే అద్దె ఒప్పందానికి చట్టప్రకారం కనీస కాలం మూడేళ్లు. యజమాని దానిని పన్నుల శాఖ వెబ్‌సైటులో నమోదు చేయాలి. నమోదు చేయకుండా తక్కువ అద్దెకు ఇస్తాననే వారి మాట వినవద్దు, ఎందుకంటే ఆ ఒప్పందం లేకపోతే మీ నివాసానికి రుజువు ఉండదు. అద్దెతో పాటు ‘కినోహ్రిస్తా’ అనే ఉమ్మడి ఖర్చు ఎంతో ముందే అడగండి. మెట్లు తుడవడం, లిఫ్టు నడపడంతో పాటు చాలా భవనాలలో చలికాలపు హీటింగ్ కూడా అందులోనే కలుస్తుంది. పాత భవనాలలో కిందనున్న ఒకే బాయిలరు అన్ని ఇళ్లనూ వేడిచేస్తుంది, దాన్ని ఎప్పుడు వేయాలో నివాసులందరూ కలిసి తేల్చాలి. ఆర్థిక సంక్షోభంలో ఆయిలు కొనలేక ఎన్నో భవనాలు ఆ బాయిలరు వేయడమే మానేశాయి. మీకు నచ్చిన ఇంట్లో అది పనిచేస్తున్నదా అని ఎదురింటివారిని అడిగి తెలుసుకోవడం మేలు. గ్రీసులో చలి ఉండదనుకునేవారు జనవరిలో పాలరాతి గచ్చు మీద ఒక్క రాత్రి నడిస్తే ఆ భ్రమ తొలగిపోతుంది.

మరి కొన్ని చిన్న సంగతులు. మురుగు గొట్టాలు సన్నవి కావడంతో మరుగుదొడ్డిలో కాగితం వేయరు, పక్కనే మూత ఉన్న బుట్టలో వేస్తారు. మధ్యాహ్నం నిద్రవేళకు చట్టం రక్షణ ఉంది. వేసవిలో మూడు నుంచి అయిదున్నర వరకు, శీతకాలంలో మూడున్నర నుంచి అయిదున్నర వరకు గోడకు మేకు కొట్టినా, పాటలు గట్టిగా పెట్టినా పొరుగువారు పోలీసులను పిలవవచ్చు. చిన్న దుకాణాలు చాలావరకు సోమ, బుధ, శనివారాలలో మధ్యాహ్నమే మూసేసి, మంగళ, గురు, శుక్రవారాలలో మాత్రం సాయంత్రం మళ్లీ తెరుస్తాయి. ఆదివారం సూపర్‌మార్కెట్లు కూడా మూతబడతాయి.

ప్రశ్న: మేము గుడ్డు కూడా ముట్టని శాకాహారులం. గ్రీసులో మాంసం, చేపలు తప్ప ఏమీ దొరకవంటున్నారు. నిజమేనా? (ఒక గృహిణి, హైదరాబాద్)

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే నిజం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. ఆర్థొడాక్స్ క్రైస్తవ సంప్రదాయంలో ఉపవాస దినాలు ఎక్కువ. ఈస్టర్‌కు ముందు దాదాపు ఏడు వారాలు, క్రిస్మస్‌కు ముందు 40 రోజులు, ఆగస్టు మొదటి రెండు వారాలు, ఇవికాక చాలా బుధ, శుక్రవారాలు నిష్ఠగలవారు మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు. ఆ రోజులకోసం శతాబ్దాలుగా తయారైన వంటలను ‘నిస్తీసిమా’ అంటారు. ఉపవాస కాలంలో రొట్టెల దుకాణంలో ఈ మాట రాసి ఉన్న అర విడిగా కనిపిస్తుంది. కూరగాయలను ఆలివ్ నూనెలో, టమాటాతో నెమ్మదిగా మగ్గించే కూరలను ‘లదెరా’ అంటారు. వాటిలో బెండకాయ ఉంది, వంకాయ ఉంది, బీన్స్ ఉన్నాయి. పసుపుపచ్చ బద్దలను మెత్తగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ, నూనె వేసే ‘ఫావా’ను మొదటిసారి తిన్నప్పుడు నాకు తాలింపు లేని ముద్దపప్పు గుర్తుకొచ్చింది. మసూరు పప్పు జాతి గింజలతో చేసే ‘ఫాకెస్’ చారులో వెనిగరు పోసుకుంటారు.

ఆకుకూరల దగ్గర మీకు మరింత సంతోషం కలుగుతుంది. ‘హోర్తా’ అని పిలిచే ఆకులను ఉడికించి నూనె, నిమ్మరసం చల్లుకుని తింటారు. వేసవిలో వచ్చే ‘వ్లీతా’ మన తోటకూర జాతిదే. ‘గ్లిస్త్రిదా’ అంటే గంగవాయిలి కూర, దాన్ని వారు పచ్చిగా పెరుగులో కలుపుతారు. ఇవన్నీ వారానికొకసారి వీధిలో పెట్టే ‘లైకీ’ సంతలో దొరుకుతాయి. సంత ముగిసే వేళ, మధ్యాహ్నం రెండు దాటాక వెళితే ధరలు తగ్గుతాయి. కారం, కరివేపాకు, కందిపప్పు కోసం మాత్రం ఏథెన్స్‌లో ఒమోనియా కూడలి దగ్గర మెనాంద్రూ వీధి ప్రాంతంలోని దక్షిణాసియా దుకాణాలకు వెళ్లాలి.

అయితే ఒక హెచ్చరిక మరవకండి. రక్తం లేని జీవులన్న లెక్కన రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ ఉపవాస భోజనంలో చెల్లుతాయి కాబట్టి ‘నిస్తీసిమా’ అన్నంత మాత్రాన నిశ్చింతగా తినకూడదు. గులాబీ రంగులో ఉండే ‘తారామా’ ముద్ద చేప గుడ్లతో చేసినది. అన్నం కూరిన టమాటాలు, మిరపకాయలు ‘యెమిస్తా’లో ఖీమా కూడా వేస్తారు. ఖీమా లేనివాటిని ‘ఓర్ఫనా’, అంటే అనాథలు అని పిలుస్తారు, అవే అడగండి. మీ గురించి చెప్పుకోవడానికి ‘ఇమె హోర్తోఫాగోస్’ అంటే చాలు. హోర్తా తినే మనిషి అని దాని అర్థం. మన ‘శాకాహారి’ మాట కట్టిన తీరూ అదే.

ప్రశ్న: థెస్సలోనికిలో పరిశోధనకు చేరబోతున్నాను. అందరికీ ఇంగ్లిష్ వస్తుందంటున్నారు. గ్రీకు నేర్చుకోవడం అవసరమా? (ఒక విద్యార్థి, వరంగల్)

విశ్వవిద్యాలయంలోనూ, కాఫీ దుకాణంలోనూ ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. కానీ ఆసుపత్రి వరుసలో, బస్సు సమ్మె ప్రకటన ముందు, కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు గడవదు. బయలుదేరేలోగా 24 అక్షరాలూ నేర్చుకోండి. ఏడేళ్ల నివాసం తరువాత పౌరసత్వం కోరాలన్నా భాషా పరీక్ష తప్పదు.

మాటకన్నా ముందు సైగలు నేర్చుకోవాలి. ‘నే’ అంటే అవును, ‘ఓహి’ అంటే కాదు. ‘నే’ అన్నది హిందీ ‘నహీ’లా వినిపించి మొదటి వారాలలో నేను ఎన్నోసార్లు పొరబడ్డాను. కాదనడానికి తలను అడ్డంగా ఊపకుండా, కనుబొమలు ఎత్తి గడ్డాన్ని పైకి లేపుతారు, కొందరు నాలుకతో ‘త్స్’ అని చప్పుడు చేస్తారు. అది విసుగు కాదు, సమాధానం. ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: అయిదు వేళ్లూ విప్పి అరచేతిని ఎదుటివారి ముఖం వైపు చూపడం వారికి తీవ్రమైన అవమానం, దానిని ‘మూత్జా’ అంటారు. ‘ఆగండి’ అనడానికో, ‘అయిదు కావాలి’ అనడానికో మనం అలవాటుగా చేసేది సరిగ్గా అదే. అయిదు చూపాలంటే అరచేతిని మీ వైపు తిప్పుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఒక గ్రీకు యువకుణ్ణి పెళ్లిచేసుకుని పాత్రా నగరంలో ఉంటున్నది. మేము ఆర్నెల్లు వెళ్లి ఉండాలనుకుంటున్నాం. అక్కడివారు మమ్మల్ని కలుపుకుంటారా? (ఒక తండ్రి, విశాఖపట్నం)

ముందుగా ఒక లెక్క: పర్యాటక వీసా మీద ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు. కనుక ఆర్నెల్లు ఒకేసారి కుదరాలంటే వేరే అనుమతి కావాలి. లేకపోతే ఒక్కోసారి 90 రోజులకు మించకుండా, మధ్యలో అంతే ఎడం ఉంచి వెళ్లండి.

మీరు అడిగిన అసలు సంగతికి నా సమాధానం ధైర్యంగా ఇవ్వగలను. ఇంగ్లిష్‌లో ఒక్క మాటలో చెప్పలేని ‘వియ్యంకుడు’, ‘వియ్యపురాలు’ అన్న మాటలకు గ్రీకులో ‘సింబెథెరోస్’, ‘సింబెథెరా’ అని సరిపోయే పదాలున్నాయి. పదం ఉన్నచోట ఆ చుట్టరికానికి మర్యాద కూడా ఉంటుంది. వారు మిమ్మల్ని జీతమెంత, అద్దెంత, మనవడు ఎప్పుడు అని అడిగితే నొచ్చుకోకండి, మన ఊళ్లలో పెద్దలు అడిగే తీరే అది. పసిబిడ్డను చూసి ‘ఫ్తూ ఫ్తూ ఫ్తూ’ అంటూ ఉమ్మినట్టు చేస్తే, అది దిష్టి తగలకుండా చేసేది. దిష్టిని వారు ‘మాతి’ అంటారు. తలనొప్పి వస్తే నీళ్లలో నూనె బొట్లు వేసి, మంత్రం చదివి దిష్టి తీసే పెద్దావిడలు నేటికీ ఉన్నారు.

వారికి పుట్టినరోజు కన్నా పేరుకు సంబంధించిన పునీతుని పండుగ ముఖ్యం. అక్టోబరు 26న దిమిత్రిలకు, మే 21న కొన్‌స్తాంతినోలకు, ఎలెనీలకు, ఆగస్టు 15న మరియలకు ఇల్లంతా సందడిగా ఉంటుంది. ‘హ్రోన్యా పొలా’ అని పలకరించండి. ఆ రోజు ఖర్చు పండుగ చేసుకునేవారిదే, వచ్చినవారిది కాదు. కాఫీ హోటల్లో మీ బిల్లు ముందే ఎవరో కట్టేసినట్టు తెలిస్తే వాదించకండి, ఇంకొక రోజు మీరు కట్టండి. ఈస్టర్‌కు ముందు శనివారం అర్ధరాత్రి చర్చి ముంగిట కొవ్వొత్తి పట్టుకుని నిలబడమంటే తప్పక వెళ్లండి. మరునాడు ఎర్రరంగు గుడ్లను ఒకదానితో ఒకటి కొట్టి, ఎవరిది పగలకుండా మిగిలితే వారికి ఆ ఏడాది అదృష్టమంటారు.

మీ వియ్యపురాలు గాని, ఎదురింటి ఆవిడ గాని పాలకూర పిండివంట పళ్లెంలో పెట్టి పంపడం ఖాయం. పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదన్న పట్టింపు మనకున్నట్టే వారికీ ఉంది. విశాఖ నుంచి బయలుదేరేటప్పుడు పెట్టెలో కొన్ని అరిసెలు, సున్నుండలు విడిగా కట్టి పెట్టుకోండి.