చట్టం – సందేహం: టెక్సస్‌లో మైనర్లకు జెండర్ చికిత్స

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాము. పద్నాలుగేళ్ల మా బిడ్డ తన జెండర్ విషయమై చాలాకాలంగా మనోవేదన పడుతున్నది. ఇక్కడ మందులు ఇవ్వడం నిషేధమనీ, సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసిందనీ విన్నాము. ఇక దేశమంతటా ఇదే చట్టమా? కౌన్సెలింగ్‌కు తీసుకువెళ్లినా నేరమేనా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మీ బిడ్డకు తక్షణం కావలసినది అదే గనుక. టెక్సస్ చట్టం నిషేధించినవాటిలో కౌన్సెలింగ్ లేదు. 2023 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చి, మరుసటి ఏడాది జూన్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థన కూడా పొందిన ఆ చట్టం, 18 ఏళ్ల లోపువారికి లింగమార్పిడి నిమిత్తం యుక్తవయసును ఆపే మందులు, హార్మోన్లు ఇవ్వరాదని, శస్త్రచికిత్సలు చేయరాదని చెబుతుంది. ఉల్లంఘించిన వైద్యుడి లైసెన్సు రద్దవుతుంది. కౌమారంలోని పిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్న మానసిక నిపుణుడిని సంప్రదించడంలో దయచేసి ఆలస్యం చేయకండి.

ఇక మీరు విన్న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. 2025 జూన్ 18న వెలువడిన ఆ తీర్పు ఇలాంటిదే అయిన టెనెసీ రాష్ట్ర నిషేధ చట్టానికి సంబంధించినది. యుక్తవయసు లక్షణాలు మరీ చిన్నతనంలోనే కనిపించిన పిల్లలకు ఇవ్వదగిన మందునే ట్రాన్స్‌జెండర్ పిల్లలకు నిరాకరించడం లింగవివక్ష అవుతుందని, కాబట్టి చట్టాన్ని మరింత కఠినంగా పరీక్షించాలని సవాలు చేసినవారు వాదించారు. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన 6–3 తీర్పు దీనికి ఒప్పుకోలేదు. ఈ చట్టం వయసును బట్టి, మందు వాడే ప్రయోజనాన్ని బట్టి తేడా చూపుతున్నదే గాని లింగాన్ని బట్టి కాదని, అందుచేత సహేతుకమైన ఆధారం ఉంటే చాలునని అన్నది. న్యాయమూర్తి సోనియా సొటొమేయర్ దీనితో గట్టిగా విభేదించారు. గమనించవలసిన సంగతేమిటంటే, ఈ చికిత్స మంచిదా చెడ్డదా అన్నది కోర్టు తేల్చలేదు. ఆ నిర్ణయాన్ని చట్టసభలకు వదిలింది. పిల్లల వైద్యంపై తల్లిదండ్రులకున్న హక్కును ఆ కేసులో విచారణకే తీసుకోలేదు.

కాబట్టి దేశమంతటికీ ఒకటే చట్టం లేదు. 2021లో అర్కన్సా, గవర్నర్ వీటోను సైతం తోసిపుచ్చి మొదటి నిషేధం తెచ్చింది. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాలలో ఇలాంటి చట్టాలున్నాయి. కాలిఫోర్నియా, మిన్నెసోటా వంటివి ఇతర రాష్ట్రాల నుండి వచ్చే కుటుంబాలకు రక్షణగా చట్టాలు చేశాయి. అయితే 2025 జనవరిలో ఈ చికిత్సకు వ్యతిరేకంగా అధ్యక్షుడు ట్రంప్ జారీచేసిన ఉత్తర్వు తరువాత అక్కడి ఆసుపత్రులలోనూ కొన్ని వెనక్కు తగ్గాయి. లాస్ ఏంజెలెస్ పిల్లల ఆసుపత్రి ఆ ఏడాది జులైలో తన జెండర్ చికిత్సా కేంద్రాన్ని మూసివేసింది.

వైద్యులలోనూ ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ ఈ చికిత్సను సమర్థిస్తుండగా, ఇంగ్లండులో పిల్లల జెండర్ వైద్యసేవలను సమీక్షించి 2024లో వెలువడిన కాస్ నివేదిక, ఈ చికిత్సకున్న ఆధారాలు బలహీనమని, చాలా జాగ్రత్త అవసరమని చెప్పింది. పెద్దల మధ్య ఈ వివాదం ఎంతకాలం సాగినా, మీ బిడ్డ చెప్పేది ఓపికగా వినడం వాయిదా వేయదగినది కాదని నా దృఢమైన అభిప్రాయం.

వేరే రాష్ట్రంలో చికిత్స ఆలోచన ఉంటే మాత్రం ముందుగా న్యాయవాదిని కలవండి. ఇలాంటి చికిత్స ఇప్పించిన తల్లిదండ్రులపై విచారణ జరపాలని 2022లో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ శిశుసంరక్షణ శాఖను ఆదేశించారు, అది కోర్టులకు కూడా వెళ్లింది. మీ పరిస్థితికి అది ఎంతవరకు వర్తిస్తుందో కాగితాలన్నీ చూసినవారే చెప్పగలరు.