ఎండకు రాలే మిరప పూత

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మిరప మొక్కలు ఏపుగా పెరిగినా పూత పిందె కట్టకుండా రాలిపోతున్నదని, ఎరువు మరికొంత వేయవచ్చునా అని అడిగావు. వేయవద్దు తల్లీ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 డిగ్రీలకు దిగని రోజులలో పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పిందె కట్టలేని పువ్వును మొక్క తానే రాల్చుకుంటుంది. అది తెగులు కాదు. ఇప్పుడు నత్రజని అందిస్తే ఆకు గుబురుగా పెరుగుతుందే తప్ప పూత నిలవదు, పైగా ఆ లేత చిగుళ్లకు పురుగులు చేరుతాయి.

ఈ వేడి తగ్గేవరకు మొక్కను కాపాడుకోవడమే నీ పని. మధ్యాహ్నపు ఎండ తగలకుండా పైన 30 నుంచి 50 శాతం నీడనిచ్చే వల కట్టి, మొదళ్ల చుట్టూ ఎండుటాకులు మందంగా పరిచి, పొద్దున్నే వేర్లదాకా దిగేలా నీరు పెట్టు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోతే కంగారుపడి నీళ్లు పోయకు. సాయంత్రానికి అవే తేరుకుంటాయి. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, లోపల తడి ఉంటే ఊరుకో. నేను మొదట్లో ఆ వాడిన ఆకులను చూడలేక రోజుకు మూడుసార్లు నీళ్లు పోసి, వేరు కుళ్లి చక్కటి మొక్కలను పోగొట్టుకున్నాను. ఆ బాధ నీకు వద్దు. ఒకరోజు నీరు పెట్టక ఎండనిచ్చి మరునాడు ముంచెత్తినా ప్రమాదమే, కాయకు సున్నం సరిగా అందక అడుగుభాగం నల్లబడుతుంది.

ఆకుల ముడతను మాత్రం ఉపేక్షించకు. అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు (త్రిప్స్ అనే సన్నని రసం పీల్చే పురుగులు), కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్స్ అనే అతి చిన్న పురుగులు) అని సాధారణంగా గుర్తించవచ్చు. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి, సాయంత్రం వేళ ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చెయ్యి.

వేడి తగ్గగానే కొమ్మలను మూడో వంతు కత్తిరించి, అప్పుడు చివికిన పశువుల ఎరువు వెయ్యి. మంచు కురవని చోట మిరప ఏళ్ల తరబడి బతుకుతుంది కనుక పాత మొక్కను పీకెయ్యనక్కరలేదు. బుట్ట మిరప, అంటే కారంలేని క్యాప్సికం, ఎండకు తాళదు, దానిని చల్లని నెలలకు ఉంచుకో.

విత్తనానికి కాయను చెట్టుననే పూర్తిగా పండనివ్వు. కారం మిరప పక్కనే పెరిగిన బుట్ట మిరప గింజలను మాత్రం దాచకు. తేనెటీగలు పుప్పొడిని కలిపేస్తాయి కనుక వచ్చే ఏడు వాటి కాయలు కారంగా రావచ్చు.