నాగమ్మ మీద నవల మొదలెట్టిన అమ్మాయికి

తల్లీ,

నువ్వు పంపిన మూడు చాప్టర్లూ చదివాను. నలగామరాజు దగ్గర మంత్రి చేసిన పల్నాటి నాగమ్మ మీద రాస్తున్నావని చూడగానే సంతోషమేసింది, మూడోది అయ్యేసరికి కొంచెం దిగులు కూడా పట్టుకుంది, ఎందుకంటే ఈమధ్య మనోళ్ళు పురాణాన్నయినా చరిత్రనైనా తిరగరాయడం అంటే ఒకటే పని చేస్తున్నారు, పాత కథలో విలన్ ఎవరో చూసుకుని వాళ్ళని హీరోని చేసెయ్యడం, హీరోని తీసుకొచ్చి బోనులో నిలబెట్టడం. ఆమెకి ఎదురు నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడు నీ మొదటి పేజీలోనే కుట్ర పన్నుతున్నాడు, నీ నాగమ్మ మొదటి పేజీలోనే దేవత. ఇన్నేళ్ళూ ఆమెని తిట్టారు కాబట్టి ఇప్పుడు ఆయన్ని తిడదాం అంటే అది ఊళ్ళో పంచాయితీ అవుద్ది గానీ నవల అవదు.

నీ కోపం నాకు అర్థం కాక కాదు. ఇప్పటికీ మన ఇళ్ళల్లో నోరున్న ఆడపిల్లని "ఇదొక నాయకురాలు నాగమ్మ" అని వెక్కిరిస్తారు, మీ ఇంట్లో నిన్నూ అనే ఉంటారు. ఆ వెక్కిరింపు మీద రాయి, వద్దనను. కానీ ముందు పాత కథని శత్రువులా కాకుండా సాక్షిలా కూర్చోబెట్టి అడుగు.

ఆ ఏడు ఘడియల సంగతే తీసుకో. నాగమ్మ మంత్రి ఎట్లా అయిందంటే జనం ఏం చెప్తారు, రాజుకి ఆతిథ్యం ఇచ్చిందనీ, ఆయన వరమడగమంటే ఏడు ఘడియలు మంత్రి పదవి అడిగి కాగితం రాయించుకుందనీ, తర్వాత సమయం చూసి దాన్ని వాడుకుందనీ చెప్తారు. నువ్వు దీన్ని "అబద్ధపు ప్రచారం" అని ఒక్క వాక్యంలో తీసిపారేశావు. అయ్యో, అదే కదా అసలు బంగారం! బ్రహ్మనాయుడు మంత్రి ఎట్లా అయ్యాడని మాత్రం ఎవరూ అడగరు, ఆయన మంత్రి అంతే, తండ్రి తర్వాత కొడుకు. ఆమె దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక వరం కావాలి, ఒక కాగితం కావాలి, ఒక మాయ కావాలి. కథ ఎవరి దగ్గరికొచ్చినప్పుడు ఆగి సంజాయిషీ చెప్పుకోవడం మొదలెడుతుందో చూస్తూ ఉండు, ఆ కాలం ఏది మామూలనుకుందో ఏది వింతనుకుందో అక్కడ తెలిసిపోద్ది. ఇంకోటి, ఆమెని ఎంత తిట్టినా కథకి ఆమె తెలివిని ఒప్పుకోక తప్పలేదు. కోడిపందెంలో బ్రహ్మనాయుడి వర్గాన్ని ఓడించి ఏడేళ్ళు రాజ్యం వదిలి పొమ్మనేంత ఎత్తు వెయ్యగలిగింది అక్కడ ఇంకెవరు? 1966 సినిమాలో భానుమతి ఆ పాత్ర వేస్తే జనం గుర్తుపెట్టుకుంది ఎవరిని?

ఇక చాపకూడు. దీని మీద నీతో గట్టిగానే పోట్లాడతాను. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం, మాల కులం నుంచి వచ్చిన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చెయ్యడం, ఇదంతా నువ్వు "రాజకీయ నాటకం" అనేశావు. మీ కాలేజీలో లెక్చరర్ గారేమో దీన్నే సంఘ సంస్కరణ అని పాఠం చెప్పి ఉంటారు. నన్నడిగితే రెండూ తొందరపాటే. పల్నాటి యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో, మనకి దొరికే ద్విపద కావ్యం శ్రీనాథుడిదని అంటారు, అంటే 15వ శతాబ్దం. మధ్యలో రెండొందల ఏళ్ళకి పైగా ఉంది. బ్రహ్మనాయుడు నిజంగా ఆ చాప పరిచాడా లేదా అని నువ్వూ నేనూ తేల్చలేం. కానీ కలిసి తినడం అనేదాన్ని మనవాళ్ళు ఎప్పుడో ఊహించుకోగలిగారు, దాన్ని వీరుల గొప్పతనంగా పాడుకోగలిగారు, దానికి మాత్రం ఆ కథే రుజువు. ఆ యుద్ధం జరిగిన కారెంపూడిలో కార్తీకమాసం చివర వీరుల ఉత్సవాలు జరిగితే మందపోరు, కోడిపోరు అనే ఘట్టాలతో పాటు చాపకూడూ ఉంటుంది, ఇవాళ్టికీ.

అయితే ఆ కథలో చాప పరిచింది ఎవరు? పెద్ద కులం మంత్రి. కూర్చున్నది ఎవరు? మిగతావాళ్ళు. కన్నమదాసు వీరుడే, కానీ "కొడుకు" అయ్యాకే వీరుడు. అంటే ఆ కథ కట్టుబాటుని ధిక్కరించింది నిజమే, కానీ ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అనే తేడాని మాత్రం ముట్టుకోలేదు. మళ్ళీ ఇంకో మెలిక చూడు, ఈ కథని తరతరాలుగా పాడింది మాల కులానికి చెందిన 'విద్యవంతులు' అనే గాయకులు. వాళ్ళు కన్నమదాసు దగ్గరికొచ్చేసరికి గొంతు ఎట్లా మారుద్దో ఊహించు! అదే పాట ఒక కమ్యూనిటీ నోట్లో ఒకలాగా ఇంకో కమ్యూనిటీ చెవిలో ఇంకోలాగా ఉంటుంది. నీ నవలలో పాడేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. ఒక్కణ్ణి పెట్టు. సగం సమస్యలు వాడే తీరుస్తాడు.

ఆ కథ అన్ని వందల ఏళ్ళు పాడినా పల్నాడు మారిపోయిందా అంటే, అదే నేల మీద వినుకొండలో 1895లో కవి జాషువా పుట్టాడు, అంటరానితనం ఎంత అనుభవించాడో నీకు తెలుసు. ఆయన 'గబ్బిలం' 1941లో వచ్చింది. ఎవరో చాప పరుస్తారని ఆయన ఎదురుచూడలేదు. కాళిదాసు మేఘసందేశం ఫార్మాట్ మొత్తం తీసుకున్నాడు, యక్షుడి బదులు తంజావూరులో బతికే ఒక అరుంధతీసుతుణ్ణి, అంటే ఒక దళితుణ్ణి, పెట్టాడు, మేఘం బదులు గబ్బిలాన్ని పెట్టాడు, భార్యకి పంపాల్సిన కబురు కాశీలో శివుడికి పంపాడు. ఎందుకు గబ్బిలం? ఎందుకంటే అపశకునం అని అందరూ ఛీకొట్టే ఆ జీవి గర్భగుడిలో దర్జాగా వేలాడుద్ది, మనిషికి మాత్రం గుమ్మం దాటే వీల్లేదు. గుడిలోకి రానివ్వండి అని ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఆ రోజుల్లో వచ్చిన వంద ఉపన్యాసాల్లో ఇదీ ఒకటయ్యేది. పండితులు నెత్తిన పెట్టుకునే రూపాన్నే వాడి, వాళ్ళ ఛందస్సులోనే వాళ్ళని అడిగాడు, ఇక తప్పించుకునే దారేది? ఇంకోటి కూడా చెప్పుకోవాలి, చెప్పకపోతే అబద్ధమాడినట్టు. 1991లో చుండూరులో దళితులని నరికి చంపారు, అప్పటికి పల్నాడూ చుండూరూ రెండూ ఒకే గుంటూరు జిల్లా. కథలు సమాజాన్ని మార్చేస్తాయని ఎవరైనా స్టేజీ ఎక్కి చెప్తే నేను చప్పట్లు కొట్టను. ఏం చేస్తాయంటే, ఇది ఇట్లాగే ఉండాలని రాసిపెట్టి లేదు అనే అనుమానం ఒకటి జనంలో చావకుండా చూస్తాయి. అంతవరకే, అది తక్కువేం కాదు.

పనిలో పని, మాదిగల కులపురాణం జాంబ పురాణం ఎక్కడైనా ఆడుతుంటే తప్పకుండా చూడు, చిందు కళాకారులు మాదిగ వాడల్లో ఆడతారు. అందులో జాంబవంతుడు భూమి కంటే ఆర్నెల్లు ముందే పుట్టాడు, బ్రాహ్మణుడితో ఎదురెదురుగా నిలబడి ఎవరు పెద్దో వాదిస్తాడు. మళ్ళీ అదే పురాణంలో కామధేనువు చావు, దాని మాంసం గొడవ వచ్చి, మాదిగలు ఎందుకు కిందికి పోయారో కూడా చెప్తుంది. మేమే పెద్దవాళ్ళం అంటూనే ఇలా ఎందుకైందో కారణం వెతుక్కుంటుంది. తిరగబడటం, తలవంచటం ఒకే కథలో, ఒక్కోసారి ఒకే సీన్లో. నీకు కావాల్సిన మనుషులు అలాంటివాళ్ళే.

నవల బయటికొచ్చాక ఫోన్లు వస్తాయి, సిద్ధంగా ఉండు. బ్రహ్మనాయుడు మావాడు అని కొందరు, నాగమ్మ మా ఆడపడుచు అని కొందరు, సన్మానం చేస్తామని శాలువా పట్టుకుని కూడా వస్తారు. కన్నమదాసు గురించి మాత్రం ఏ శాలువావాళ్ళూ మాట్లాడరు చూడు.

రీసెర్చ్ గురించి. బాగా చదివావు, కనిపిస్తోంది, మరీ ఎక్కువ కనిపిస్తోంది. రెండో చాప్టర్లో శాసనాల గురించి మూడు పేజీలు ఎవరికోసం రాశావు? గురజాడ సంగతి విను. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ లెక్క విజయనగరం మహారాజా తీయించాడు. 1034 పెళ్ళిళ్ళు. అందులో 99 మంది పిల్లలకి ఐదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడాది, ఆ ఏడాది పిల్లల ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. చదువుతుంటే కడుపులో తిప్పట్లా? ఇంత సరుకు చేతిలో ఉండి ఆ మహానుభావుడు ఏం చేశాడు, లెక్కంతా 1897 'కన్యాశుల్కం' నాటకం ముందుమాటలో పెట్టేశాడు, నాటకంలోకి మాత్రం గిరీశాన్ని తోలాడు. ఆ గిరీశం ఎవరు, సంస్కరణ గురించి లెక్చర్లు దంచే మోసగాడు. దురాచారం మీద రాస్తూ, దాన్ని తిట్టేవాణ్ణే ముందు నవ్వులపాలు చేశాడు. తర్వాత 1909లో నాటకాన్ని దాదాపు కొత్తగా రాసి మధురవాణిని పెంచాడు, పెద్దమనుషులందరి లెక్కా ఒక వేశ్య చేతిలో పెట్టాడు. నీ శాసనాలు కూడా ముందుమాటలో పెట్టుకో, ఎవరూ కాదనరు.

చివరిగా ఆ స్పీచ్. నాగమ్మ నిండు సభలో నాలుగు పేజీలు మాట్లాడుద్ది, ఆడదంటే ఏంటో రాజులకి బోధిస్తుంది, ఎవరూ మధ్యలో దగ్గను కూడా దగ్గరు. ఆ నాలుగు పేజీలూ తీసెయ్. బదులుగా ఏం పెట్టాలో చెప్పను గానీ ఒక పాట గుర్తుచేస్తా, మన ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట పనులయ్యాక ఇళ్ళల్లో పాడుకున్న 'లక్ష్మణదేవర నవ్వు'. వనవాసం అయిపోయింది, రాముడు కొలువు తీరాడు, అందరూ ఉన్నారు, ఉన్నట్టుండి లక్ష్మణుడు ఫక్కున నవ్వాడు. అంతే. ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలీదు. పద్నాలుగేళ్ళు నా దగ్గరికి రాకు అని అప్పట్లో నిద్రాదేవికి చెప్పాడు, గడువు అయింది కాబట్టి ఆవిడ వచ్చేసింది, అదీ అతని నవ్వుకి కారణం. కానీ సభలో ప్రతివాడికీ తన గుట్టే గుర్తొచ్చింది! గంగని నెత్తిన పెట్టుకున్నందుకు నన్నే అనుకున్నాడు శివుడు. అన్నని వదిలి వచ్చినందుకు నన్నే అని విభీషణుడు. అన్నని చంపించి రాజ్యమేలుతున్నందుకు అని సుగ్రీవుడు. రావణుడి ఇంట్లో ఉండొచ్చినందుకు అని సీత తలదించుకుంది, రాముడికి కోపమొచ్చింది. ఒక్క ఆరోపణ లేదు, ఒక్క డైలాగ్ లేదు, అంత పెద్ద ధర్మపీఠంలో మచ్చలేనివాడు లేడని తేలిపోయింది. ఈ పాట కట్టినవాళ్ళు బడికి వెళ్ళి ఉండరు, రాముడికి రోజూ దండం పెట్టుకునేవాళ్ళే. తిరుగుబాటు అని వాళ్ళతో అంటే తిట్టి పంపేవాళ్ళేమో కూడా. ఇప్పుడు నీ సభలో నాగమ్మ ఏం చేస్తే నలగామరాజు దగ్గర్నుంచి కాపలావాడి దాకా ఎవడి కుర్చీలో వాడు సర్దుకుంటాడో అది ఆలోచించు. బహుశా ఆమె ఏమీ మాట్లాడక్కర్లేదు. బహుశా ఆ కాగితం తీసి చదివితే చాలు.

ఈ కార్తీకానికి కారెంపూడి వెళ్ళిరా, పాడేవాళ్ళ దగ్గర కూర్చో, యూట్యూబ్ లో చూసి రాయకు. సభ సీన్ ఒక్కటీ మళ్ళీ రాసి పంపు, మొత్తం నవల ఇప్పుడే వద్దు. పీడీఎఫ్ వద్దమ్మా, ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కావట్లా, ప్రింట్ తీయించి కొరియర్ చెయ్యి, లైన్ల మధ్య ఖాళీ ఉంచు, నేను ఎర్రపెన్నుతో రాయాలి.