సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, ఆశువుగా చెప్పే ప్రసంగానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

వినేవాళ్ళు మధ్యలో అడ్డుపడొచ్చు, అందుకు. మిగతా కారణాలు ఎవరైనా చెబుతారు. ఇది మాత్రం అక్కడ కూర్చుని విన్నవాళ్ళకే తెలుస్తుంది.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. పక్కనే ఉన్న హైలాండ్ పార్క్‌లో ఆచారాలు గట్టిగా పాటించే ఆర్థడాక్స్ యూదుల ఇళ్ళు చాలా ఉంటాయి. మా టీమ్‌లో ఒకాయన కొడుక్కి 13 ఏళ్ళు నిండితే బార్ మిట్స్వాకి, అంటే పిల్లాడు పెద్దవాడయ్యే వేడుకకి, పిలిచాడు. ఆ రోజు సబ్బాతు, అంటే వాళ్ళ శనివారపు విశ్రాంతి దినం; బండి నడపకూడదు, ఫోన్ ముట్టకూడదు. కాబట్టి కారు రెండు వీధుల అవతల పెట్టి, ఫోన్ అందులోనే వదిలేసి వెళ్ళాం. మా ఆవిడ తెర అవతల ఆడవాళ్ళ వైపు కూర్చుంది. చాలాసేపు అంతా హీబ్రూనే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

తర్వాత రబ్బీ ముందుకొచ్చి నిలబడ్డాడు. కాగితం లేదు, మైకూ లేదు. ఆ వారం వాళ్ళ ధర్మగ్రంథం తోరాలో చదివింది యూదుల మూలపురుషుడు అబ్రాహాము ఘట్టం. పాపాల ఊరు సొదొమను నాశనం చేస్తానని దేవుడంటే అబ్రాహాము ఆయనతో బేరమాడతాడు: 50 మంది మంచివాళ్ళుంటే ఊరిని వదిలేస్తావా, పోనీ 45, పోనీ 40... అలా 10 దాకా దింపుతాడు. "పది దగ్గరే ఎందుకు ఆగాడు?" అన్నాడు రబ్బీ. వెనకనించి ఎవరో, "జలప్రళయమప్పుడు నోవహు ఓడలో ఎనిమిది మందే కదా, వాళ్ళ వల్ల లోకం దక్కలేదు. అంతకన్నా తక్కువ అడిగి ఏం లాభం?" అన్నారు. అది 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ చెప్పిన సమాధానమేనట, మా కొలీగ్ చెవిలో చెప్పాడు.

రబ్బీ తలూపి అసలు ప్రశ్నకొచ్చాడు. ఊరూ పేరూ తెలియనివాళ్ళ కోసం అంత వాదించినవాడు, సొంత కొడుకు ఇస్సాకును బలి ఇమ్మంటే ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదేం? ముందు వరసలో ఓ పెద్దాయన కూర్చున్నచోటు నుంచే అందుకున్నాడు: "మొదటి బేరంలోనే తెలిసొచ్చిందిగా! దేవుడు అన్నిటికీ సరేనన్నాడు, ఊరు మాత్రం కాలిపోయింది!"

హాలంతా నవ్వులు. రబ్బీ కూడా నవ్వి, కాసేపు ఆగి, చెప్పాలనుకున్నది పక్కనపెట్టి ఆ మాటే పట్టుకున్నాడు. అడిగినవాటన్నిటికీ ఒప్పుకున్నాక కూడా ఊరు దక్కకపోతే, ఆ మనిషి మర్నాడు పొద్దున ఏ మొహంతో ప్రార్థన చేస్తాడు? మిగతా ప్రసంగమంతా దానిమీదే నడిచింది. అది ఇంటి దగ్గర రాసుకొచ్చింది అయ్యే అవకాశమే లేదు. మన దగ్గర ప్రవచనం మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే పక్కవాళ్ళే కళ్ళెర్రజేస్తారు.

ఇంకో సంగతి, సబ్బాతు నాడు రాయకూడదు, రికార్డు చేయకూడదు. విన్నది మనసులో పెట్టుకోవాల్సిందే. బ్రూక్లిన్‌లో 770 ఈస్టర్న్ పార్క్‌వేలో లుబావిచ్ హసీదులనే యూదు భక్తి శాఖ గురువు మెనాకెమ్ మెండెల్ ష్నియర్‌సన్ (1994లో పోయారు) కాగితం ముక్క లేకుండా తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో గంటల తరబడి మాట్లాడేవారు. సబ్బాతు ప్రసంగమైతే యోయెల్ కాన్ అనే ఆయన, ఇంకొందరు కలిసి మొత్తం బుర్రలో పెట్టుకునేవాళ్ళు. సబ్బాతు ముగిశాక ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తూ తిరిగి చెప్పుకుని రాసేవాళ్ళు. మనవాళ్ళు మీటింగ్ అయ్యీ అవ్వగానే "రికార్డింగ్ లింక్ పెట్టండి" అంటారు. పెట్టాక ఎవరు చూశారు గనక?

అలాగని ప్రతి రబ్బీ ప్రతి వారం ప్రసంగించడం అనాదిగా వస్తున్న ఆచారమేం కాదు. తూర్పు యూరప్‌లో ఊరి రబ్బీ పెద్ద ప్రసంగం చేసేది ఏడాదికి రెండుసార్లే: పస్కా పండుగకు ముందు సబ్బాతు నాడు, వాళ్ళ కొత్త సంవత్సరానికీ ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్‌కీ మధ్య వచ్చే సబ్బాతు నాడు. మిగతా రోజుల్లో జనం చెవి కోసుకున్నది ఊరూరా తిరిగి ప్రవచనాలు చెప్పే మగ్గిద్‌ల కోసం. వాళ్ళలో పేరున్నవాడు 18వ శతాబ్దపు డూబ్నో మగ్గిద్. ఏ సందర్భానికైనా అతికినట్టు కథ ఎలా దొరుకుతుందని అడిగితే, ముందు బాణం వేసేసి తర్వాత దాని చుట్టూ గురి గీసుకునే కుర్రాడి కథ చెప్పాడంటారు.

చూసి చదివే ప్రసంగాలూ విన్నాను. పేరెందుకుగానీ, ఆచారాలు సడలించుకున్న రిఫార్మ్ శాఖవాళ్ళ టెంపుల్ ఒకదాంట్లో రబ్బీ ఐప్యాడ్ చూసి చదువుతుంటే జనం గడియారాలు చూసుకున్నారు. చాట్‌జీపీటీ వచ్చిన కొత్తలో న్యూయార్క్ దగ్గర హాంప్టన్స్‌లో ఒక రబ్బీ దానిచేత ప్రసంగం రాయించి చదివి, ఎవరు రాశారో చెప్పుకోండని సభనే అడిగాడు. ఎవరూ కనిపెట్టలేకపోయారు. అదే యంత్రాన్ని ఆ పెద్దాయన ముందు నిలబెట్టమనండి, చూద్దాం.

బార్ మిట్స్వా కుర్రాడు మాత్రం కాగితం చూసే చదివాడు, పాపం ఆ వయసుకి అది చాలు. హసీదుల దగ్గరైతే పిల్లాడు మొదలుపెట్టగానే అందరూ పాట అందుకుని అడ్డుపడతారట. సరిగ్గా చెప్పలేని పిల్లాడు సిగ్గుపడకుండా అందరికీ అలాగే చేస్తారు.

మా తెలుగు సంఘం ఉగాది సభకి ఈ పద్ధతి చాలా అవసరం. "రెండు మాటలు" అని మైకు తీసుకుని నలభై నిమిషాలు చదివేవాళ్ళే అందరూ. వక్తల కాగితాలు గుమ్మం దగ్గరే లాక్కోమని కమిటీకి మెయిల్ పెట్టాను. జవాబివ్వలేదు సరికదా, వచ్చే ఏడాది నన్ను కూడా రెండు మాటలు రాసుకురమ్మన్నారు.